అనుభవం: ఎన్నేళ్ళు?

కంచరపాలెం షెడ్డులో పొద్దున ఎనిమిదికే
రేకులు కాగుతాయి.
ముప్పై ఎనిమిది మంది, ఇరవై రెండు మల్టీమీటర్లు.
అందులో మూడు అబద్ధాలు చెబుతాయి.
ఏవో కనిపెట్టడమే
నా మొదటి పాఠం.

బొడ్డేటి సన్నేసి వెనక బెంచీ.
నలభై ఏడేళ్ళు.
పంతొమ్మిదేళ్ళు బొగ్గు బెల్టు పక్కన నడిచి
కాంట్రాక్టు పోయాక ఇటు వచ్చాడు.
తుమ్మితే ఇప్పటికీ రుమాలు విప్పి చూసుకుంటాడు.
నల్లగా లేకపోతే
ఏదో పోగొట్టుకున్నవాడిలా
మడిచి జేబులో పెట్టుకుంటాడు.

మొదటిరోజు ఫారాలు నింపమన్నాను.
ఈ రంగంలో అనుభవం: ఎన్నేళ్ళు?
కుర్రాళ్ళంతా సున్నాలు చుట్టారు.
ఈయన పంతొమ్మిది వేశాడు.
పిలిచి అడిగితే,
"ఏటి మేడమ్, అదీ కరెంటే కదా!
అప్పుడు దాని కిందుండీవోణ్ణి.
ఇప్పుడు పైకెక్కమంతన్నారు."
ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.

గరికిన పోలేశ్వరి జాలారిపేట నుంచి
రెండు బస్సులు మారి వస్తుంది.
టవరెక్కే ముందు నడుముకి వేసే ముడి
పుస్తకంలో నాలుగు బొమ్మలు.
నేను రెండో బొమ్మ దగ్గరున్నాను,
ఆ పిల్ల కట్టేసి, లాగి చూసుకుని
నా కోసం ఆగింది.
"మా అమ్మ చీకట్లో ఏస్తాది మేడమ్ ఇది, వలకి."
ఆ రోజు నుంచి తాడు పాఠం ఆమెది.
హాజరు పట్టీలో మాత్రం విద్యార్థి.
జీతం నాది.

వాళ్ళ తాత దగ్గర గాలికి ఏడు పేర్లున్నాయట:
రొయ్యని ఒడ్డుకి తోలే గాలి,
తెప్పని అడ్డం తిప్పే గాలి,
రాని వానకి ముందొచ్చే గాలి...
మా పుస్తకంలో ఒక్కటే గాలి,
సెకనుకి ఇన్ని మీటర్లు.
బోర్డు మీద ఆ ఏడూ రాయించాను.
పరీక్షలో రావు.
చెరపలేదు.

కంపెనీ వాళ్ళొచ్చిన రోజు అందరివీ ఇస్త్రీ చొక్కాలు.
"లోకల్ వాళ్ళకి నైపుణ్యం తక్కువండీ"
అన్నాయన కాఫీ తాగుతూ నిలబడ్డాడు,
ఎదురుగా పోలేశ్వరి ముడికి వేలాడుతున్న
ఎనభై కిలోల ఇసుక బస్తా.
అది కదల్లేదు.
ఆయనా కదల్లేదు.

వారానికి జాబితా వచ్చింది. పదకొండు పేర్లు.
పోలేశ్వరిది తొమ్మిదోది, అక్షరం తప్పుతో.
సన్నేసి లేడు, వయసు గడి అడ్డం పడిందట.
అదే వారం వేరే రాష్ట్రం రైల్లోంచి
ముప్పై మంది దిగారని విన్నాను.
దిగినవాళ్ళ మీద నాకు కోపం లేదు,
వాళ్ళకీ ఎక్కడో ఒక రేకుల షెడ్డు ఉండే ఉంటుంది.
కోపం ఎవరిమీదో
ఇంకా తేల్చుకోలేదు.

మర్నాడు సన్నేసి మళ్ళీ వెనక బెంచీలో.
కోర్సు అయిపోయింది కదా అంటే
"నా రీడింగు ఇంకా తేడా ఒస్తంది మేడమ్" అన్నాడు.
అని, గోడకున్న ఇన్వర్టరుకి చెవి ఆన్చాడు.
"ఫ్యాను బేరింగు పోతంది. వారం ఆగదు."
విప్పాం. నిజమే.
బెల్టు మోతలో ముదిరిన ఆ చెవికి
ఏ కాలమ్‌లో మార్కులు వెయ్యాలో
నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం తాళం వేస్తుంటే పోలేశ్వరి ఫోను,
మాటల కంటే హోరే ఎక్కువ.
"మేడమ్, పైనున్నాను!
ఇక్కణ్ణించి సూస్తే సముద్రం ఎనకాల కూడా సముద్రమే.
ఇదే గాలో తెలీడం లేదు,
తాతనడగాల."

కొత్త బ్యాచి ఫారాలు బల్ల మీద ఉన్నాయి.
అదే అచ్చు, అదే గడి.
నలభై కాగితాల మీదా, ఒక్కోదాని మీద విడిగా,
ఆ గడి కింద చేత్తో ఇంకో గీత గీశాను.
పక్కన చిన్నగా రాశాను:
దేంట్లో?